ఉప్పునీటి అక్వేరియానికి ఏ రొయ్య తగినది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. మా ఇంట్లో మూడడుగుల అక్వేరియం ఉంది. అందులో సుమారు 150 లీటర్ల నీరు పడుతుంది. ఏడాదిగా కొద్దిగా ఉప్పు కలిపిన నీటిలో మోలీ చేపలను, బంబుల్‌బీ గోబీలను పెంచుతున్నాను. నీటి సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు 1.005 చూపిస్తోంది. ఈమధ్య చెర్రీ రొయ్యలను తెచ్చి వేస్తే రెండు రోజుల్లో అన్నీ చనిపోయాయి. అమానో రొయ్య ఉప్పునీటి రొయ్యే కాబట్టి దాన్ని వేసుకోమని దుకాణదారు అంటున్నారు. మా నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. హేచరీ నుంచి వచ్చే వనామీ సీడులోంచి కొన్ని పిల్లలను తెచ్చి వేసుకుంటే సరిపోతుందని ఆయన అంటున్నారు. నా అక్వేరియానికి ఏ రొయ్య సరిపోతుంది? అవి అందులోనే పిల్లలు పెడతాయా? సముద్రపు ఉప్పు మిశ్రమం ఖరీదు ఎక్కువ కనుక కల్లుప్పు వాడుతున్నాను, అందులో తప్పేమైనా ఉందా? చిన్న పఫర్ చేపను కూడా కొనాలని ఉంది. కొనవచ్చునా?

సమాధానం: ముందుగా మీ తొట్టికి సరిపోయేది ఏదో చెప్పి, కారణాలను తరువాత వివరిస్తాను. ఇప్పుడున్న చేపలనే కొనసాగించదలచుకుంటే, నీటి ఉప్పదనాన్ని కొంత తగ్గించుకుని, దుకాణాల్లో ‘రెడ్ నోస్’ పేరుతో అమ్మే కారిడినా గ్రాసిలిరోస్ట్రిస్ అనే ఎర్రముక్కు రొయ్యను పెంచుకోవడం అన్నిటికన్నా మంచిది. అది దొరకని పక్షంలో చెర్రీ రొయ్యను మళ్ళీ ప్రయత్నించవచ్చు గాని, ఈసారి దాన్ని తొట్టిలో వదిలే ముందు కొన్ని వారాలపాటు ఉప్పుకు అలవాటు చేయాలి. అమానో మీ తొట్టికి తగిన రొయ్య కాదు. వనామీని తేనే తేవద్దు. పుట్టుక నుంచి చావు వరకు ఉప్పు కలిసిన నీటిలోనే బతికే అసలైన రొయ్యను చూడాలన్న కోరిక ఉంటే, దానికి మరొక చిన్న తొట్టి విడిగా పెట్టుకోవాలి. ఆ సంగతి కూడా కింద రాస్తాను.

దుకాణదారు మిమ్మల్ని మోసం చేయాలని ఆ మాట చెప్పి ఉండరు. అమానో రొయ్య విషయంలో చాలామంది పొరబడే చోట ఆయనా పొరబడ్డారు. జపాన్, తైవాన్ ప్రాంతాల కొండవాగుల్లో పెరిగే ఈ రొయ్యను, నీటిమొక్కల తొట్లలో నాచును అదుపు చేయడానికి జపాన్ అక్వేరియం కళాకారుడు తకాషి అమానో 1980లలో ప్రచారంలోకి తెచ్చారు. దాని పెద్ద రొయ్యలు బతికేది మంచినీటిలోనే. అయితే ఆడరొయ్య పొట్ట కింద మోసిన గుడ్లు పగిలి బయటికి వచ్చే సూక్ష్మమైన డింభకాలు మంచినీటిలో కొద్ది రోజులకు మించి బతకలేవు. అవి వాగు వెంట కొట్టుకుపోయి సముద్రంలో కలిసి, అక్కడ నెలకు పైగా పెరిగి, రొయ్య రూపం వచ్చిన తరువాత మళ్ళీ మంచినీటిలోకి ఎదురీదుతూ వస్తాయి. అంటే ఉప్పు కావలసింది దాని పసితనానికే గాని పెద్దతనానికి కాదు. మీ నాన్నగారిని నీలకంఠ రొయ్య గురించి అడగండి. చెరువులో మంచినీటిలో పెరిగే ఆ రొయ్యకు హేచరీలో మాత్రం 12 పీపీటీ (లీటరు నీటిలో 12 గ్రాముల లవణాలు) దగ్గర ఉప్పునీరు ఎందుకు పెడతారో ఆయన మీకు నాకన్నా బాగా చెప్పగలరు. అమానోదీ అదే కథ. బ్యాంబూ ష్రింప్ అని అమ్మే, విసనకర్రల్లాంటి చేతులు చాచి ప్రవాహంలోని తిండిని వడగట్టుకునే రొయ్యదీ అదే కథ. ‘సంతానానికి ఉప్పునీరు కావాలి’ అన్న మాటను ‘ఉప్పునీటి రొయ్య’ అని కుదించి చెప్పడం వల్ల ఈ రెండూ ఏటా ఎన్నో ఇళ్ళలో అక్కరలేని ఉప్పులో అవస్థ పడుతున్నాయి. అమానో స్వల్పమైన ఉప్పును తట్టుకోగలదన్నది నిజమే, కాని తట్టుకోవడం వేరు, సుఖంగా ఉండడం వేరు. దాని స్వస్థలం చల్లని, పారే మంచినీరు అయినప్పుడు మీ తొట్టి కోసం దానికి ఆ కష్టం ఎందుకు?

ఇక మీ చెర్రీ రొయ్యల చావుకు కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. హైడ్రోమీటరులో 1.005 అంటే సుమారు 7 పీపీటీ, అంటే లీటరు నీటిలో ఏడు గ్రాముల లవణాలు. సముద్రంలో ఇది దాదాపు 35 ఉంటుంది. మంచినీటి రొయ్య ఒంట్లోని ద్రవం చుట్టూ ఉన్న నీటికన్నా ఉప్పగా ఉంటుంది కాబట్టి, నీరు ఎప్పుడూ లోపలికి చొరబడుతూనే ఉంటుంది. రొయ్య దాన్ని బయటికి తోస్తూ, మొప్పల ద్వారా లవణాలను లోపలికి లాక్కుంటూ బతుకుతుంది. ఉప్పు కలిసిన నీటిలో ఈ పని తీరు మారాలి, ఆ మార్పుకు శరీరానికి రోజులు, వారాలు పడతాయి. సున్నా ఉప్పు నుంచి ఏడు పీపీటీకి ఒక్కసారిగా దింపితే దానికి ఆ వ్యవధి దొరకదు. ప్లాస్టిక్ సంచిని పావుగంట నీటిలో తేలనిచ్చి విప్పడం వేడిమిని సమం చేస్తుందే తప్ప ఉప్పును సమం చేయదు.

అందుచేత మొదటి పని రొయ్యను కొనడం కాదు, నీటిని సరిగా కొలవడం. మీ ఇంట్లో చెరువుల కోసం వాడే, నీటి చుక్కతో ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు తప్పక ఉండి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకుని దానితోనే కొలవండి. హైడ్రోమీటరును నేను వద్దనడానికి ఒక గట్టి కారణం ఉంది. అక్వేరియం హైడ్రోమీటర్లలో ఎక్కువ భాగం 25 డిగ్రీల వేడిమికి లెక్కగట్టినవి. గోదావరి జిల్లాల ఎండాకాలంలో తొట్టి నీరు 32 డిగ్రీలకు చేరినప్పుడు నీటి సాంద్రత తగ్గి, అసలు 1.005 ఉన్న నీరు కూడా 1.003గా కనిపిస్తుంది. ఉప్పు తగ్గిపోయిందనుకుని మరికొంత వేస్తారు, వర్షాలు పడి నీరు చల్లబడేసరికి తొట్టిలో ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ ఉప్పు ఉంటుంది. దీనికి తోడు నీరు ఆవిరవుతుందే గాని ఉప్పు ఆవిరి కాదు. పదోవంతు నీరు తగ్గితే 7 పీపీటీ దాదాపు 8కి చేరుతుంది. కాబట్టి తగ్గిన నీటిని నింపేటప్పుడు ఎప్పుడూ క్లోరిన్ లేని మంచినీరే పోయాలి. నీరు మార్చేటప్పుడు మాత్రమే ఉప్పు కలిపిన నీరు పోయాలి. తొట్టి అద్దం మీద నీటి మట్టానికి ఒక గీత గీసుకుంటే ఈ పనిలో పొరపాటు జరగదు.

మీ మోలీలకు, గోబీలకు 7 పీపీటీ అవసరం లేదు. 4 పీపీటీ దగ్గర రెండూ హాయిగా ఉంటాయి, ఆ ఉప్పదనం రొయ్యలకు కూడా అనుకూలం. దించే పద్ధతి సులువే. వారానికి ఒకసారి 18 లీటర్ల నీరు తీసి, అంతే మంచినీరు పోస్తూ నాలుగు వారాలు చేస్తే 7 నుంచి 4 దగ్గరికి వస్తుంది. వడపోతలో ఉండి చేపల మలినాన్ని శుభ్రం చేసే సూక్ష్మజీవులకు కూడా ఆ నెమ్మదితనం అవసరం. ఉప్పును ఒక్కసారిగా మారిస్తే అవి దెబ్బతిని అమ్మోనియా పెరుగుతుంది. మీ నీటిలా కాస్త క్షారగుణం ఉన్న నీటిలో అమ్మోనియా మరింత విషపూరితం.

ఇప్పుడు ఎర్రముక్కు రొయ్య విషయానికి వద్దాం. మన దేశపు తీరప్రాంతాల్లో, ఆగ్నేయాసియాలో నదులు సముద్రంలో కలిసే చోట్ల బతికే జాతి ఇది. కనుక ఆటుపోట్లతో ఉప్పు పెరుగుతూ తగ్గుతూ ఉండే నీరు దానికి కొత్త కాదు. శాస్త్రజ్ఞుడు డి మాన్ 1892లో దీన్ని వర్ణించి పేరు పెట్టారు. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండే ఒళ్ళు గాజులా పారదర్శకంగా ఉంటుంది, కళ్ళ మధ్య నుంచి ముందుకు పొడుచుకొచ్చిన సన్నని పొడవాటి కొమ్ము మాత్రం ఎర్రగా మెరుస్తుంది. తక్కిన రొయ్యలు నేల మీద పాకుతూ ఉంటే ఇది తల కాస్త పైకెత్తి, నీటి మధ్యలో ఒకే చోట నిలబడినట్టుగా ఈదుతుంది. పొట్ట కింది ఈతకాళ్ళు ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. నాకైతే అలంకారపు రొయ్యలన్నిటిలో చూడముచ్చటైనది ఇదే. రంగురంగుల జాతుల కోసం వేలు ఖర్చు పెట్టేవారు మన తీరపు నీటిలో పుట్టిన ఈ రొయ్యను పట్టించుకోకపోవడం బాధగా ఉంటుంది.

దీనికి ఉన్న పెద్ద బలహీనత ఆకలి. అమ్మకానికి వచ్చేవి సాధారణంగా నీటి వనరుల్లో పట్టినవే. పట్టిన చోటు నుంచి దుకాణం దాకా శుభ్రమైన సంచుల్లో, నాచు లేని తొట్లలో రోజుల తరబడి ఏమీ తినకుండా వస్తాయి. కొన్న రెండు మూడు వారాల్లో ఒక్కొక్కటిగా రాలిపోతే, చాలామంది ఉప్పును నిందిస్తారు గాని తరచుగా అసలు కారణం తిండి లేకపోవడమే. మీ తొట్టి ఏడాది పాతది కనుక వెనక అద్దం మీద, రాళ్ళ మీద నాచు, జిగురు పొర ఉండే ఉంటాయి. నాలుగు వారాలు ఆ అద్దాన్ని గీకకుండా వదిలేయండి, దీపం రోజుకు ఎనిమిది గంటలు వెలగనివ్వండి. జావా ఫెర్న్, జావా మాస్ ఈ కొద్దిపాటి ఉప్పును ఓర్చుకుంటాయి. వాటి ఆకుల మీద పేరుకునే సన్నని పొరే రొయ్యకు అన్నం. స్పిరులినా కలిసిన బిళ్ళలు, ఉడికించిన పాలకూర రెబ్బ వారానికి రెండు మూడుసార్లు వేయవచ్చు. అయితే ఆ పాలకూర ఎక్కడిదో తెలిసి ఉండాలి. పురుగుమందు చల్లిన ఆకుకూరను మనం కడిగి తిన్నా మనకేమీ తెలియకపోవచ్చు గాని, పురుగుల్లాగే కీళ్ళకాళ్ళ జీవి అయిన రొయ్యకు అందులో మిగిలిన రవ్వంత చాలు. పెరట్లో మందు కొట్టకుండా పెంచిన ఆకైతే నిశ్చింత.

దుకాణంలో ఎంచుకునేటప్పుడు తొందరపడవద్దు. ‘గ్లాస్ ష్రింప్’, ‘ఘోస్ట్ ష్రింప్’ అంటూ పారదర్శకంగా ఉన్న రొయ్యలన్నిటినీ ఒకే తొట్టిలో పోసి అమ్మడం పరిపాటి. అందులో మన కాలువల్లో దొరికే మాక్రోబ్రాకియం లమారీ లాంటివి కూడా కలిసి ఉంటాయి. రెండింటినీ వేరు చేయడానికి చేతులు చూడండి. కారిడినా జాతుల ముందరి రెండు జతల కాళ్ళు పొట్టిగా ఉండి, కొసల్లో చిన్న కుంచెల్లాంటి వెంట్రుకల కుచ్చులు ఉంటాయి. ఆ కుంచెలతో రాతి మీదో ఆకు మీదో తుడిచి నోట్లో పెట్టుకోవడం, మళ్ళీ తుడవడం, ఇలా క్షణం ఆగకుండా పని చేస్తూనే ఉంటుంది. మాక్రోబ్రాకియంకు రెండో జత కాళ్ళు పొడవుగా సాగి కొసన పట్టకారు ఉంటుంది, దాన్ని ముందుకు చాచి పట్టుకుని తిరుగుతుంది. ఆ పట్టకారు తుడవడానికి కాదు, పట్టుకోవడానికి. నీలకంఠ రొయ్యకు దగ్గర బంధువైన ఈ రొయ్య రాత్రిపూట అడుగున నిద్రించే మీ గోబీలకు ప్రమాదం కావచ్చు. చేతులు చూసిన తరువాత ఒళ్ళు చూడండి. ఆరోగ్యంగా ఉన్న పారదర్శక రొయ్య వీపు వెంట తిండి నిండిన పేగు నల్లని గీతలా కనిపిస్తుంది. ఆ గీత లేకపోతే అది పస్తులున్నదని అర్థం. ఒళ్ళంతా పాలలా తెల్లబారినవాటిని, మీసాలు సగానికి తెగినవాటిని, ఒక మూల కదలకుండా పడి ఉన్నవాటిని వదిలేయండి. కనీసం పది పన్నెండు కలిపి కొనండి. ఇవి గుంపుగా ఉన్నప్పుడే బెదురు లేకుండా బయటికి వచ్చి తిరుగుతాయి.

ఇంటికి తెచ్చాక వాటిని నేరుగా తొట్టిలో వేయకుండా, ఎయిర్ స్టోన్, స్పాంజ్ ఫిల్టరు ఉన్న ఇరవై లీటర్ల టబ్బులో దుకాణం నీటి ఉప్పదనంతో సమానమైన నీటిలో ఉంచండి. ఆ స్పాంజిని ముందుగానే మీ పాత తొట్టిలో నెల రోజులు నడిపి ఉంచితే మంచిది. తరువాత వారానికి 1 పీపీటీకి మించకుండా ఉప్పు పెంచుతూ 4 పీపీటీకి తీసుకురండి. చెర్రీ రొయ్యలైతే ఈ నియమం విషయంలో రాజీ పడవద్దు. అవి పుట్టి పెరిగినదంతా మంచినీటిలోనే కనుక 3 పీపీటీ దగ్గరే ఆపడం మేలు, అప్పుడు తొట్టి నీటిని కూడా ఆ మేరకు దించుకోవాలి. ఈ వారాల్లో టబ్బులో రొయ్యలు విడిచిన గుల్లలు కనిపిస్తాయి. వాటిని చచ్చిన రొయ్యలనుకుని భయపడే వారున్నారు. వీపు మీద, తలకు పొట్టకు మధ్యన అడ్డంగా చీలిన, లోపల ఏమీ లేని, గాజు కాగితంలాంటి పొర అయితే అది గుల్ల. దాన్ని తీయకండి, అందులోని సున్నం కోసం రొయ్యలే దాన్ని తింటాయి. కొత్త గుల్ల గట్టిపడేదాకా రొయ్య ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఆ సమయంలో ఏ చేపైనా దాన్ని కొరకగలదు. అందుకే తొట్టిలో మోలీలు దూరలేని సందులుండేలా రాళ్ళు పేర్చి, మాస్ గుబురు ఒకటి తప్పనిసరిగా పెట్టండి.

వనామీ గురించి మీ నాన్నగారి మాటకు మర్యాదగానే అభ్యంతరం చెబుతున్నాను. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన ఈ రొయ్యకు మన దేశంలో వాణిజ్యపరంగా పెంచడానికి 2009లో అనుమతి వచ్చింది. నేడు మీ ప్రాంతపు చెరువుల్లో ఎక్కువ భాగం అదే. తక్కువ ఉప్పులో బతకగలగడం దాని గొప్పతనమే, మీ 4 పీపీటీలో అది బతుకుతుంది కూడా. ఇబ్బంది బతకడంతో కాదు, పెరగడంతో. సీడుగా తెచ్చినప్పుడు కనురెప్ప వెంట్రుకలా కనిపించేది మూడు నాలుగు నెలల్లో అరచేతి పొడవుకు వస్తుంది. దానికి కావలసింది ఎకరాల చెరువు, గట్టిగా తిరిగే ఏరేటర్లు. మూడడుగుల అద్దాల పెట్టెలో అది ఇసుకను కలియబెట్టి, గుల్ల విడిచిన తోటి రొయ్యలను తిని, రాత్రి వేళ బెదిరి మూత లేని తొట్టిలోంచి బయటికి ఎగిరి పడుతుంది. పైగా వనామీ, టైగర్ రొయ్యల వంశం వేరు. కారిడినా, మాక్రోబ్రాకియం ఆడరొయ్యలు గుడ్లను పొట్ట కింద మోస్తే, వనామీ గుడ్లను నేరుగా సముద్రపు నీటిలో వదిలేస్తుంది. మీరు ఆశించే సంతానం ఆ తొట్టిలో కలలో మాట.

సంతానం గురించి అడిగారు కనుక ఎర్రముక్కు రొయ్య విషయంలోనూ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆడరొయ్య పొట్ట కింద ఆకుపచ్చటి సన్నని గుడ్లు కనిపిస్తాయి, అవి పగులుతాయి కూడా. కాని బయటికి వచ్చే డింభకాలకు ఇంకా ఎక్కువ ఉప్పు, కంటికి కనిపించనంత సూక్ష్మమైన ఆల్గే తిండి కావాలి. వడపోత, గోబీల నోళ్ళు దాటి అవి మీ తొట్టిలో పెద్దవి కావు. చెర్రీ రొయ్యకు డింభక దశ నీటిలో గడపడం ఉండదు, గుడ్డు నుంచే పూర్తి రొయ్య పిల్ల బయటికి వస్తుంది. అందువల్ల సంతానం చూడాలన్నదే మీ ప్రధాన కోరిక అయితే, చెర్రీలను ఉప్పు లేని మరో తొట్టిలో పెట్టుకోవడం సూటైన దారి.

లేదా ఇంతకు ముందు చెప్పిన అసలైన ఉప్పునీటి రొయ్య ఉంది. హవాయి దీవుల్లో నల్లని లావా రాతి పొరల మధ్య, సముద్రంతో భూమి లోపలి నుంచి మాత్రమే సంబంధం ఉన్న చిన్న మడుగుల్లో బతికే హాలోకారిడినా రూబ్రా ఇది. వ్యాపారంలో ఓపే ఊలా అంటారు. 1963లో శాస్త్రజ్ఞుడు హోల్ట్‌హూయిస్ దీన్ని వర్ణించారు. సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉండే ఈ ఎర్రని రొయ్య పదేళ్ళకు పైగా జీవిస్తుంది. అక్వేరియం రొయ్యల్లో చాలావాటి ఆయువు రెండేళ్ళు మించదు కనుక ఇది విశేషమే. 10 నుంచి 15 పీపీటీ మధ్య ఉప్పు, రంధ్రాలున్న లావా రాళ్ళు, కొంచెం వెలుతురు ఉంటే పది లీటర్ల తొట్టిలో వడపోత కూడా లేకుండా బతుకుతుంది. రాళ్ళ మీది నాచునే తింటుంది, పైనుంచి తిండి వేయడం వల్లే ఎక్కువగా పాడవుతుంది. డింభకాలు గుడ్డులోని సొనతోనే పెరుగుతాయి కనుక అదే నీటిలో సంతానం కూడా కలుగుతుంది. ఒకే ఒక్క షరతు, దానితో ఏ చేపనూ ఉంచకూడదు. మన దుకాణాల్లో సులభంగా కనిపించదు. దొరికితే తొట్లలో పుట్టి పెరిగినవేనా అని అడిగి తీసుకోండి. ఆ చిన్న మడుగుల నుంచి పట్టి తెచ్చినవాటిని ప్రోత్సహించడం నాకు ఇష్టం లేదు. గాలి చొరబడని గాజు గోళంలో బిగించి అలంకార వస్తువుగా అమ్మేవాటిని మాత్రం కొనవద్దని వేడుకుంటున్నాను. వాటిలో రొయ్య ఏళ్ళ తరబడి బతకదు, ఏళ్ళ తరబడి చావుకు దగ్గరవుతూ ఉంటుంది.

ఇక కల్లుప్పు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు మొదట సున్నం, జిప్సం అడుగుకు దిగిపోతాయి, తరువాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం లవణాలు చివరికి మిగిలే చేదు నీటిలో ఉండిపోతాయి. మధ్యలో ఏరిన ఆ ఉప్పు దాదాపుగా సోడియం క్లోరైడే. వంటకు అది చాలు గాని, పదేపదే కొత్త గుల్ల కట్టుకోవలసిన రొయ్యకు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, నీటి క్షారతను నిలిపే కార్బొనేట్లు కావాలి. అవన్నీ సరైన పాళ్ళలో ఉండేది సముద్రపు ఉప్పు మిశ్రమంలోనే. ఖరీదు గురించి భయపడవద్దు. 150 లీటర్లను సున్నా నుంచి 4 పీపీటీకి తేవడానికి కావలసినది సుమారు 600 గ్రాములే. ఆ తరువాత ప్రతి నీటి మార్పుకు పిడికెడు చాలు. బోరు నీరు ఎలాగూ ఉప్పగానే ఉంది కదా అని దాన్ని వాడాలనిపించవచ్చు. అటువంటి నీటిలో పొటాషియం తక్కువ ఉండడం సాధారణం, అందుకే కదా చెరువుల్లో మినరల్స్ చల్లుతారు. సముద్రపు నీటిని తెచ్చి ఎనిమిది తొమ్మిది రెట్లు పలచన చేయడం సూత్రప్రాయంగా తప్పు కాదు. అయితే గోదావరికి వరదలు వచ్చిన తరువాత తీరం వెంబడి ఉప్పదనం చాలా పడిపోతుంది కనుక లెక్కను నమ్మక, కొలిచి మాత్రమే కలపాలి. ఆ నీటితో వచ్చే రోగాల సంగతి చివర్లో చెబుతాను.

మీ ఇంట్లో దోమల మందు ప్లగ్గు, దోమల చక్రం, స్ప్రే ఏది వాడినా, అక్వేరియం ఉన్న గదిలో నుంచి ఇవాళే తీసేయండి. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ మందులు రొయ్యజాతికి అత్యంత విషపూరితం. గాలి పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీటిలోకి పంపుతుందని మరచిపోకూడదు. దోమతెర కట్టుకోండి, లేదా పంపును కిటికీ బయటి గాలి అందే చోట పెట్టండి. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. చేపకు మందయిన ఆ మోతాదు రొయ్యకు మరణం. చేపలకు వైద్యం చేయవలసి వస్తే వాటిని వేరే టబ్బులోకి మార్చి చేయాలి. ఎండాకాలంలో మూతకు బదులు జాలీ వేసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే నీరు మూడు నాలుగు డిగ్రీలు చల్లబడుతుంది. నీరు వేడెక్కేకొద్దీ రొయ్యకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది.

పఫర్ చేపను ఈ తొట్టికి తేవద్దు. దాని దంతాలు గట్టి గుల్లలను పగలగొట్టడానికే ఏర్పడినవి. మీరు నెలల తరబడి అలవాటు చేసిన రొయ్యలు దానికి ఒక పూట భోజనం. ముచ్చటపడి స్కాట్, మోనో చేపల పిల్లలను తెచ్చినా అదే జరుగుతుంది, కాస్త ఆలస్యంగా. మీ గోబీలు పెద్ద రొయ్యల జోలికి పోలేవు గాని, కంటికి కనిపించిన రొయ్య పిల్లను వదలవు.

చివరిగా, మీ నాన్నగారి కోసం ఒక మాట. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వైరస్ 1990ల మధ్యలో మన తీరపు చెరువులను ఎలా ఊడ్చేసిందో ఆయనకు గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్ ఒక్క చెరువు రొయ్యకే పరిమితం కాదు. పీతలకు, మంచినీటి రొయ్యలకు, పది కాళ్ళుండే ఇతర డెకాపాడ్ జాతులకు కూడా సోకుతుంది, కొన్నిటిలో రోగలక్షణాలు కనిపించకుండానే నిలిచి ఉంటుంది. కాబట్టి ఉప్పుటేరు నీరు గాని, చెరువు నీరు గాని, చెరువులో వాడిన వల, బకెట్టు గాని అక్వేరియం దగ్గరికి రాకూడదు. అంతకన్నా ముఖ్యంగా, ఎక్కడెక్కడి రొయ్యలో తెచ్చి పెట్టిన మీ అక్వేరియం నీరు చెరువు గట్టుకు గాని, చెరువుకు నీరిచ్చే కాలువకు గాని చేరకూడదు. తీసిన నీటిలో బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజు ఉంచి, చెరువులకు దూరంగా పారబోయండి. చచ్చిన రొయ్యలను సున్నం వేసి పాతిపెట్టండి. ఎప్పుడైనా రొయ్యల మీద విసుగు పుట్టి వదిలించుకోవాలనిపిస్తే కాలువలో వదలకుండా, కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.